దావీదు చేవ్రాలు

ఇరవై ఏళ్లుగా ఒక చేవ్రాలు నా గొంతులో ముల్లులా ఉంది. నాది కాదు, దావీదుది. పెట్టించింది మాత్రం నేను. మా ఆవిడకు కూడా చెప్పలేదు, ఈ కాగితం చదివే నీకు చెబుతున్నాను.

రాజంపేటలో దస్తావేజులు రాసేవాణ్ణి. ఒక కరువు ఏడు మా ఎద్దులు దావీదు జొన్నచేలో పడ్డాయి. వాటిని బందెలదొడ్డికి తోలించాడు. సంతలో అందరి ముందూ మా నాయన అతని చేతులు పట్టుకుని బతిమాలితే నవ్వాడు. దొడ్డిలో మేత లేక ఒక ఎద్దు చచ్చింది. ఆ దిగులుతో మంచం పట్టిన మా నాయన మళ్లీ లేవలేదు. ఆ నవ్వు నేను మరిచిపోతానా?

కొన్నేళ్లకు దావీదే నా అరుగు ఎక్కాడు, తన పెద్దమ్మ మొగుడు ఏసన్నను వెంటబెట్టుకుని. పిల్లల్లేని ముసలాయన. కడదాకా కూడు పెట్టేది దావీదే గనుక తన నాలుగెకరాలూ అతనికే చెందాలని వీలునామా రాయమన్నాడు. లేకుంటే అవి తమ్ముడి కొడుకులకు పోతాయి. వాళ్లు గుక్కెడు నీళ్లు పోసిన పాపాన పోలేదు.

సాక్షులు ఇద్దరుండాలి. ఒకాయన వచ్చాడు. రెండో ఆయన, చర్చి పెద్ద, జ్వరమని రాలేదు. మిషను బడిలో చదివిన దావీదుకు తన చేవ్రాలంటే మహా గర్వం.

"నేను పెడ్తే సెల్లదా అప్పా?" అన్నాడు.

"ఎందుకు సెల్లదు? నీకొచ్చే భూమి. నువ్వు పెడ్తే ఇంకా గట్టిగుంటాది," అన్నాను.

హిందువుల వీలునామాకైతే అడ్డు లేదు, అలాంటివి ఎన్నో రాశాను. క్రైస్తవులకు చట్టం వేరు. సాక్షిగా చేవ్రాలు పెట్టినవాడికి అందులో రాసిచ్చింది దక్కదు. నేను మునుపు గుమాస్తాగా పనిచేసిన వకీలు ఈ మాట ఒకటికి రెండుసార్లు చెప్పాడు. తెలిసే, కలం సిరాలో ముంచి దావీదుకు అందించాను. ఏసన్న ఇక నిశ్చింతగా పోతానని నాకు దండం పెట్టాడు. ఆయన నాకేం అపకారం చేశాడు?

ఆరేళ్లు దావీదు ఆయనకు సంగటి తినిపించాడు, ఒళ్లు కడిగాడు. ఆయన పోయాక తమ్ముడి కొడుకులు కోర్టుకెక్కి భూమి గెలుచుకున్నారు. పెళ్లాంబిడ్డలతో కూలికి వలసపోతూ దావీదు నా దగ్గర ఆగాడు. నాకూ ఆ చట్టం తెలియదనుకున్నాడేమో, తెలివితక్కువగా తానే చేవ్రాలు పెట్టి నా రాతను పాడుచేశానని, మన్నించమని అడిగాడు.

జాలిపడ్డాననుకుంటున్నావా? లేదు, ఒళ్లు మండింది. ఎవరు కొట్టారో తెలియకుండానే పోతుంటే అది పగ తీరడమెలా అవుతుంది? నేనేరా అనాలని నోటిదాకా వచ్చింది. నా బతుకుదెరువు పోతుందని మింగేశాను. పిరికిపంద పగ నాది.

ఏసన్నను తలుచుకుంటే సిగ్గు. దావీదు మీద కసి మాత్రం ఇంకా చావలేదు, అబద్ధమెందుకు? ఇంత రాశాక కాస్త ఊపిరాడుతోంది. అతనెక్కడైనా కనబడితే తప్పు అతనిది కాదని చెప్పు. దస్తావేజులు రాసేవాడు తెలిసే చేశాడని చెప్పు.