అత్తమ్మ ఉపవాసమున్న పగడపు దిబ్బ

ఏళ్ల తరబడి, సంఘంలో ఆమేన్ అనబోయినప్పుడల్లా నా గొంతుకు ఒక దిబ్బ అడ్డం పడుతోంది. పగడపు దిబ్బ. ఏ సముద్రంలోనూ లేనిది. దాన్ని పుట్టించింది నేనే. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది నంద్యాల. డెబ్బైలలో హైదరాబాదులో పటాలు గీసే ఆఫీసులో నా ఉద్యోగం. విమానంలోంచి తీసిన సముద్రపు ఫోటోలు మా బల్లల మీదికి వచ్చేవి. లోతైన నీరు నల్లగా ఉంటుంది, దిబ్బలున్న చోటు తెల్లగా తేలుతుంది. ఓడలు తగలకుండా ఆ దిబ్బల అంచులు గీయడం నా పని. ప్రతి చోటుకూ రెండు ఫోటోలు ఉంటాయి. రెండింటిలోనూ కనబడితేనే గీయాలి. ఇద్దరు సాక్షులు లేనిదే మాట నిలవదని బైబిలు వాక్యంలోనే ఉంది కదా? నాకు తెలియదా? సండే స్కూల్లో పిల్లలకు చెప్పినవాణ్ణి.

ఒక రోజు మా అత్తగారి ఊరు ఆళ్లగడ్డ నుంచి వచ్చి, బస్సు దిగి నేరుగా ఆఫీసుకు వెళ్లాను. అత్తమ్మ కట్టిచ్చిన మిరపకాయ బజ్జీలు బల్ల దగ్గరే తిన్నాను. తర్వాత భూతద్దంలో చూస్తే నల్లని నీటి నడుమ ఒక తెల్లటి దిబ్బ, కాస్త ఎత్తుగా కూడా. అంతకుముందు ఎవరూ గుర్తించనిది! రెండో ఫోటో తెరిచి చూడలేదు. గీసేశాను. ఆఫీసరు భుజం తట్టాడు. ఆ ఆదివారమే ఆళ్లగడ్డ సంఘంలో లేచి నిలబడి, దేవుడు నా కన్నులు తెరిచి నావికులను కాపాడాడని సాక్ష్యమిచ్చాను. బైబిల్లో పౌలు ఎక్కి బద్దలైన ఓడను కూడా మధ్యలోకి లాగాను. అత్తమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ దిబ్బకు ఏ ఓడా తగలకూడదని శుక్రవారాలు ఉపవాసం పట్టింది. తనకు ప్రాణమైన బజ్జీలైతే పూర్తిగా మానేసింది.

సోమవారం ఆఫీసుకు వెళితే ఫోటోలో నా దిబ్బ చుట్టూ చీమలు.

అత్తమ్మ వాడే కోయిలకుంట్ల శనగపిండి. బజ్జీ పెచ్చు.

పటం ఇంకా అచ్చుకు వెళ్లలేదు. ఒక్క మాట చాలు. చెబితే దిబ్బ పోతుంది, దానితోపాటు నా సాక్ష్యమూ పోతుంది. పెచ్చును చేతిరుమాలుతో తుడిచేశాను. పటంలో దిబ్బను మాత్రం ఉండనిచ్చాను. లేని దిబ్బ ఎవరిని ముంచుతుందిలే అనుకున్నాను. చుట్టూ తిరిగిపోయే పడవల సంగతి? అది ఆలోచించకుండా ఉండటానికి కొంత ప్రార్థన చేశాను.

ఎనభైలలో కొత్త పద్ధతి వచ్చింది. విమానంలోంచి నీటి మీదికి లేజరు కాంతి వేసి, అది అడుగున తగిలి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని బట్టి లోతు కొలవడం. నా దిబ్బ ఉండవలసిన చోట కాంతి తిరిగే రాలేదు. అంత లోతు. పటంలోంచి దిబ్బను తీసేశారు. మరోసారి ఆళ్లగడ్డ వెళ్లినప్పుడు అత్తమ్మ అడగనే అడిగింది.

"ఏం నాయనా, మన రాళ్లు ఎట్లుండాయి?"

"ఆడ రాళ్లు లేవంట అత్తా. లోతు నీళ్లేనంట."

"లేవంటే ఏందీ? ఉండాయని నువ్వే గదా సాచ్చెం చెప్పింది. మల్లా యాడికి పోయినాయి, కాళ్లొచ్చి నడిచిపోయినాయా?"

నోరు తెరిచాను. నిజంగానే చెప్పబోయాను. ఇంతలో ఆమె రెండు చేతులూ పైకెత్తింది.

"దేవా, నా ఉపాసాలకే పోయినాయి!"

విశ్వాసంతో అడిగితే కొండలే సముద్రంలో పడతాయని బైబిలే అంటుంటే రాళ్లు పోవడం ఎంత? ఆదివారం ఆమె ఆ మాటే సాక్ష్యంగా చెబితే సంఘమంతా చప్పట్లు. ఆరాధన అయ్యాక అత్తమ్మ అందరికీ కృతజ్ఞతా విందు పెట్టింది. ఏం వండిందో మీరు ఊహించే ఉంటారు.

"తిను నాయనా," అంటూ నా విస్తట్లో మరో రెండు వేసింది. "ఇన్నేండ్లాయ, వీటి మొగం చూసి."

తిన్నాను. చాలా బాగున్నాయి. అది కూడా దాచను.

ఆమె ఇప్పటికీ ప్రతి ప్రార్థన కూడికలో ఆ అద్భుతం చెబుతుంది. నేను ఇప్పటికీ ఆమేన్ అంటాను. ఆమెకు ఎప్పటికైనా చెబుతానా? తెలియదు. చీమలను వదిలేస్తే, ఇన్నాళ్లూ ఈ మాటకు భూమ్మీద నేనొక్కణ్ణే సాక్షిని. ఇప్పుడు మీరూ చదివారు.

ఇద్దరమయ్యాం.