చేటెడు తవుడుకు కొన్న బిడ్డ

1961లో నన్ను రాయకోట ప్రసూతి కేంద్రానికి మిడ్‌వైఫ్‌గా వేశారు. మిడ్‌వైఫ్ అంటే పల్లెలు తిరిగి కాన్పులు చేసే నర్సు. రెండు గదుల పెంకుటిల్లు, ముందు పొడవాటి అరుగు. వారానికోసారి ఆ అరుగు మీద కడుపుతో ఉన్నవాళ్లనీ, చంటిపిల్లల తల్లులనీ కూర్చోబెట్టి చూసేదాన్ని. నాకూ ఒక పేరుందన్న సంగతి అక్కడెవరికీ పట్టలేదు. అందరికీ నర్సమ్మనే.

ఆ రోజుల్లో పేర్లు మారిపోతున్నాయి. అరుగు మీది తల్లులంతా మునెమ్మలూ, ఎల్లమ్మలూ, గౌరమ్మలూ. వాళ్ల ఒళ్లోని ఆడపిల్లలు మాత్రం సరోజలు, విజయలు, ఉషారాణులు! ఊరికి టెంటు సినిమా వచ్చిపోయిందంటే ఆ ఏడు పుట్టే పిల్లలకు ఏం పేర్లు పెడతారో ముందే చెప్పగలిగేదాన్ని. "సరోజా" అని పిలిస్తే ముగ్గురు తల్లులు ఒకేసారి లేచేవాళ్లు. "మీకింకో పేరే దొరకలేదా తల్లీ, నా ప్రాణం తీస్తున్నారు" అని కసిరితే పకపకా నవ్వేవాళ్లు.

ఒకరోజు అలా నవ్వుతుండగానే, చివర కూర్చున్న నిండు గర్భిణి చెవులు మూసుకుని లేచి వీధిలోకి వెళ్లిపోయింది. ఆమె పేరు మునెమ్మ, కొండ అవతలి పల్లె. నాకు కోపం ముక్కు మీదే ఉండేది. పరీక్ష చేయించుకోకుండా పోవడమేమిటని వెంటబడి వెళ్లాను. చూస్తే గోడవార నిలబడి ఏడుస్తోంది.

"నా పెద్దది సరోజ, నర్సమ్మా. రెండోదానికి విజయ అని పెట్టుకున్నాను. మూడోది ఉష. ముగ్గురూ పోయినారు. కడుపులో ఉండంగానే పేర్లు పెట్టుకుని పిలిచినాను, అందుకే దిష్టి తగిలిందంటాది మా అత్త. ఈడికొస్తే నువ్వూ వాళ్ల పేర్లే పిలస్తా ఉండావు."

 ఎలా పోయారని అడిగాను. ముగ్గురిదీ ఒకటే కథ. పుట్టినప్పుడు గుండ్రాయిలా ఉన్నారట. వారం తిరిగేసరికి పాలు తాగడం మానేశారు. దవడలు బిగుసుకుపోయాయి, ఒళ్లు విల్లులా వంగింది, ప్రాణం పోయింది. ఊళ్లో దాన్ని బాలగ్రహం అన్నారు. మేము టెటనస్ అంటాం, ధనుర్వాతమన్నమాట. కొడవలితో బొడ్డు కోసి, పచ్చిపుండు మీద పేడబూడిద అద్దితే ఆ రోగం బిడ్డ ఒంట్లోకి పోతుంది.

"దిష్టీ కాదు, పేరూ కాదు. కొడవలి!" అని చెప్పాను. మునెమ్మ నమ్మినట్టు కనబడలేదు. నొప్పులు మొదలవగానే నాకు కబురు చేస్తానని మాత్రం ఒట్టు వేయించుకున్నాను.

కబురొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఉడికించిన కత్తెరతో బొడ్డు కోసి, మరిగించిన దారంతో ముడేసి, స్పిరిట్ అద్ది, శుభ్రమైన గుడ్డ చుట్టాను. మునెమ్మ బిడ్డను చూసింది గానీ, ఈసారి ఏ పేరూ పెట్టి పిలవలేదు. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆమె అత్త ఎల్లమ్మ బిడ్డను చేటలో వేసుకుని గుమ్మం దాటుతోంది.

"యాడికమ్మా?" అన్నాను.

"కసువుకుప్ప మీదికి."

ఆ వైపు ఆచారం అది. పిల్లలు దక్కని ఇంట్లో బిడ్డ పుడితే చెత్తకుప్ప మీద పడుకోబెడతారు. ఎవరో ఒకామె దారిలో దొరికినట్టు ఎత్తుకుని, చేటెడు తవుడుకు మళ్లీ ఆ ఇంటివాళ్లకే అమ్ముతుంది. బిడ్డకు కుప్పమ్మ అనో కుప్పన్న అనో పేరు పెడతారు. ఎవరికీ అక్కర్లేని బిడ్డను మృత్యువు కూడా తీసుకుపోదని నమ్మకం. కానీ ఆ కుప్ప నిండా పశువుల పేడ. పచ్చిబొడ్డుతో బిడ్డను అక్కడ పడుకోబెడితే నేను చేసిందంతా గంగపాలే.

గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ముగ్గుర్ని పోగొట్టుకున్నది చాల్లేదా?" అని అరిచాను. ఎల్లమ్మ అరవలేదు. వాకిట్లో ఉన్న కొడుకును, అంటే మునెమ్మ మొగుణ్ణి, చూపించింది.

"ఇద్దర్ని మట్టిలో పెట్టినాక వీడు పుట్టినాడమ్మా. ఆ కుప్ప మీదే పడుకోబెట్టినాను. కుప్పన్న అని పిలిచినాను. చూడు, ఎట్లుండాడో! నీ కత్తెర మా ఇంట్లో ఎవర్ని బతికించింది, చెప్పు?"

కుప్పన్న నిజంగానే ఆరడుగుల మనిషి. ఎల్లమ్మ చేటను గుండెలకు హత్తుకుని, బిడ్డ మీద కొంగు కప్పింది. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువగా భయపడుతున్నది ఆమేనని అప్పుడర్థమైంది. నా గొంతు తగ్గింది.

"సరే, కుప్పమ్మ అనే పిలువు. కుప్ప మీద పెట్టడం మాత్రం బొడ్డు రాలి, పుండు మానినాక."

"అంతవరకూ కాపలా ఎవరు? ఈ ఇంటి బిడ్డని తెలిస్తే తీసకపోడా ఆ యముడు?"

"ఈ ఇంటి బిడ్డ కాదు. నాకు అమ్మేయ్."

ఆ మాట నా నోట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు. పక్కింటికి నేనే పోయి తవుడు అడిగి తెచ్చి ఎల్లమ్మ ముందు పెట్టాను. ఆమె తవుడును చూసింది, నన్ను చూసింది, చివరికి బిడ్డను నా చేతుల్లో పెట్టింది. "ఇది నర్సమ్మ బిడ్డ, మాది కాదు" అని వీధంతా వినబడేలా చెప్పింది. లోపల మునెమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ బేరంతో నా పని సులువైపోయింది. కొనుక్కున్న బిడ్డ మీద పెత్తనం నాదే కదా! పక్కింటామె బొడ్డు మీద బూడిద వేయబోతే ఎల్లమ్మే చెయ్యి పట్టుకుని, "నర్సమ్మ బిడ్డ అది, ఆయమ్మను అడగాల" అందట. రోజూ నడిచివెళ్లి డ్రెస్సింగ్ మార్చేదాన్ని. కడిగిన వేలు బిడ్డ నోట్లో పెట్టి, ఎంత బలంగా చప్పరిస్తోందో చూసేదాన్ని. ఆ పట్టు సడలిందంటే టెటనస్ మొదలైనట్టే. వారం దాటిన రోజు కూడా గట్టిగా చప్పరించింది. అమ్మయ్య అనుకుంటూ బయటికొచ్చి, ఎవరూ చూడకుండా నేనూ కాస్త ఏడ్చాను.

బొడ్డు రాలి పుండు పూర్తిగా ఆరాక ఎల్లమ్మ తన ఆచారం తాను జరుపుకుంది. కుప్ప మీద కొత్త చేట, చేటలో బిడ్డ. అంతవరకు నా మాట విన్నది. నాకు తవుడు కొలిచి ఇచ్చి, బిడ్డను కొనుక్కుని, కుప్పమ్మ అని పేరు పెట్టింది.

ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా, అక్కడి ఆచారాన్ని కసిరే ముందు వాళ్లు దేనికి భయపడుతున్నారో కనుక్కోవడం నేర్చుకున్నాను. కొడవలి మాన్పించడానికి నాకు అదే దారి అయింది. పేర్ల సంగతి మాత్రం ఇంకా పూర్తిగా తెలియలేదు.

కొన్నేళ్ల తర్వాత అమ్మవారి టీకాలు వేస్తుంటే మునెమ్మ పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల ఒకచోట నిలబడితే ఒట్టు.

"గండం గడిచింది కదా మునెమ్మా" అన్నాను. "బడిలో వేసేటప్పుడు నీకిష్టమైన పేరు రాయించు. కుప్పమ్మ అంటే తోటిపిల్లలు నవ్వుతారు."

"నవ్వనీలే నర్సమ్మా. ఇష్టపడి పేర్లు పెట్టుకుని ముగ్గుర్ని పిలిచినాను. ఒక్కటీ పలకలా."

అంతలో పిల్ల అరుగు దూకి రోడ్డు వైపు పరుగెత్తింది. మునెమ్మ గొంతెత్తి, "కుప్పమ్మా!" అని పిలిచింది.

"ఓ..." అంటూ పిల్ల వెనక్కి తిరిగింది.

"పలికింది చూడు" అంది మునెమ్మ.