గడువు తీరిన చాందినీ

1978 డిసెంబరు, గురువారం. ఉన్నవారు: ఖాదర్ గారు, పోలమ్మ, ఆమె మరిది నాగేశు, ఆ ఊళ్లో మిగిలిన కుటుంబాల వాళ్లు, నేను.

ఆనాటి డైరీలో పేజీ ఇలా మొదలవుతుంది. ఈ ఉదయం పెడనలో ఒక అద్దకం షెడ్డు పక్కగా నడుస్తుంటే కరక్కాయ నీళ్లలో నానుతున్న బట్టల వాసన తగిలింది. ఆ వగరు వాసనకు ఖాదర్ గారు గుర్తొచ్చారు. ఇంటికి రాగానే డైరీ తీశాను. బందరులో మేం పనిచేసిన చిన్న మ్యూజియం ఇప్పుడు లేదు. ఆయనా లేరు.

గుడివాడ నుంచి రోజూ రైల్లో వెళ్లి అక్కడ సహాయకురాలిగా పనిచేసేదాన్ని. ఖాదర్ గారు క్యూరేటరు. అద్దకం పనివాళ్ల ఇంట్లో పుట్టి, చదువుకుని ఆ ఉద్యోగంలోకి వచ్చిన మనిషి. మేం ఎరువు తెచ్చుకున్న వస్తువులకూ, ఇతరులకు ఎరువిచ్చిన వస్తువులకూ ఆయన ఒక్కో అట్టకార్డు పెట్టారు. కార్డు అంచున నెలకొకటి చొప్పున రంధ్రాలుండేవి. ఏ నెలలో గడువు తీరుతుందో ఆ రంధ్రాన్ని అంచుదాకా కత్తిరించేవాళ్లం. నెల రాగానే కార్డుల కట్టలో ఆ రంధ్రం గుండా సన్నని ఇనుప చువ్వ గుచ్చి పైకెత్తితే, గడువు తీరినవి మాత్రమే జారి బల్ల మీద పడేవి. ఇప్పటి పిల్లలు కంప్యూటర్లో డేటాబేస్ అని చేస్తున్నది ఈ పనే. పడిన కార్డు సంగతి తేల్చకుండా మళ్లీ కట్టలో పెట్టనిచ్చేవారు కాదు ఆయన.

ఆ డిసెంబరులో పడిన కార్డు ఒక చాందినీది. దివిసీమలో సముద్రపు ఒడ్డున చేపలు పట్టుకు బతికే ఒక ఊరిది. ఎర్రటి పూలతీగలు అద్దిన పాత బట్ట. ఆ ఊళ్లో ఏ పెళ్లయినా పందిట్లో దాన్ని కట్టి, దాని కిందే చేసేవారు. కులపెద్ద వెంకన్న ప్రదర్శన కోసం 1978 డిసెంబరు దాకా మాకిచ్చాడు. ఆ తర్వాత కొద్ది వారాలకే 1977 నవంబరు ఉప్పెన వచ్చింది. ఊరు పోయింది, వెంకన్న పోయాడు. మా బీరువాలో ఉండబట్టి చాందినీ మిగిలింది.

తనిఖీకి వచ్చిన పై అధికారి కార్డు చూసి, ఇచ్చినవాడే లేడు కనుక దాన్ని మ్యూజియం సొంత వస్తువుగా రాసేయమన్నాడు. చెడ్డ ఉద్దేశంతో అనలేదు. నాకూ అదే సబబనిపించింది. ఉప్పుగాలిలో, పాకల్లో అది రెండు వానలకు మించి నిలవదని ఖాదర్ గారితో అన్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"పాడుచేసుకునే హక్కు కూడా వాళ్లదేనమ్మాయ్" అన్నారు.

ఆ నెల ఆదివారాలన్నీ బస్సుల్లో తిరిగి, అవనిగడ్డ అవతల రేకుల షెడ్లలో వెంకన్న భార్య పోలమ్మను వెతికి పట్టుకున్నారు. గురువారం ఇద్దరం చల్లపల్లి మీదుగా వెళ్లాం. దుప్పటిలో చుట్టిన చాందినీని దారి పొడుగునా ఆయన ఒళ్లోనే పెట్టుకున్నారు.

అక్కడ విప్పి పరిచినప్పుడు అందరూ చుట్టూ చేరారు. ఒకావిడ వంగి, ఒక మూల పసుపు మరకను వేలితో తడిమి, అది తన పెళ్లినాటిదని మెల్లగా చెప్పింది. ముట్టినట్టు రసీదు మీద పోలమ్మ వేలిముద్ర వేయాల్సి వచ్చింది.

"గట్టిగా నొక్కు వదినా. అన్నయ్య సంతకం కంటే బాగుండాల" అన్నాడు నాగేశు.

"మీ అన్న సంతకమా? కోడి గీకినట్టుండేది. దాన్నే ఊరంతా తిప్పి చూపించుకున్నాడు" అందామె.

అందరూ నవ్వారు. ఆమే ముందు నవ్వింది. ఆ తర్వాత చాందినీ అంచు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తీయలేదు. కొత్త ఇళ్లు మూడు చోట్ల ఇస్తున్నారనీ, రేపే లారీలు వస్తాయనీ నాగేశు చెప్పాడు. మేం అవనిగడ్డలో తెలిసినవాళ్లింట్లో ఆగాం.

మర్నాడు ఉదయం సెలవు తీసుకుందామని వెళ్లేసరికి చాందినీ ముక్కలై ఉంది. చాపల మీద ఇంటికొకటి చొప్పున పరిచి ఉన్నాయి. నాగేశు చేతిలో ఇంకా కత్తెర ఉంది. నేను ఖాదర్ గారి మొహం చూడలేకపోయాను.

పోలమ్మ ఏమీ దాచలేదు. "తలా ఒక దిక్కు పోతన్నామండీ. ఇక అందరి పెళ్లిళ్లూ ఒక్కచోట ఎక్కడవుతాయి? ముక్కయినా పందిట్లో కట్టుకుంటాం."

ఆయన ఒక ముక్క చేతిలోకి తీసుకున్నారు. కోసిన చోట తీగ సగంలో తెగిపోయి ఉంది. అధికారి మాట విని ఉంటే అది అద్దాల వెనక నిండుగా ఉండేది. ఆయనకూ ఆ క్షణంలో అదే తోచి ఉంటుంది. ఒకరికి చెందినదాన్ని వాళ్లకిచ్చాక ఎలా ఉండాలో నాకు తెలిసినదంతా ఆ తర్వాత ఆయన చేసిన పనిలోంచి వచ్చిందే.

ఆయన చెప్పులు విడిచి చాప మీద కూర్చున్నారు.

"ఇలాగే వదిలేస్తే పోగులు ఊడిపోతాయమ్మా" అన్నారు. "సూదీ దారం ఉందా?"

ఎవరో తెచ్చిచ్చారు. అంచు రెండు మడతలు పెట్టి, సన్నగా కుట్టడం మొదలుపెట్టారు. ఎలా మడవాలో పక్కనున్న ఆడవాళ్లకు చూపించారు. నేనూ ఒక ముక్క తీసుకుని కూర్చున్నాను. మొదటి లారీ వచ్చి ఆగింది. వెళ్లాల్సినవాళ్లు సామాను ఎక్కించుకుంటూ, తమ ముక్క పూర్తయిందా అని వచ్చి చూసుకుని పోతున్నారు. బందరు బస్సు హారన్ వినిపించింది. ఆయన తల ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.