చిక్కడపల్లి వరండాలో హవర్తియాలు

కుండీని బోర్లించి అడుగున అరచేత్తో రెండు దెబ్బలు వేస్తే మట్టిగడ్డ కదిలి చేతిలోకి జారుతుంది. దానితోపాటు ఒక వాసన వస్తుంది. చాలాకాలం గాలి తగలని ముతక ఇసుకదీ, ఇటుక రజనుదీ, ఎండిన వేళ్ళదీ కలిసిన వాసన. మొన్న ఆదివారం బాల్కనీలో కూర్చుని మొక్కలకు కుండీలు మారుస్తుంటే ఆ వాసన ముక్కుకు తగిలింది. తగలగానే నా వీపు మీద సన్నగా చెమట పట్టింది. ఇన్నేళ్ళయినా అంతే. ఆ వాసనంటే నాకు ప్రాణం. ఆ వాసనంటే భయం కూడా. రెండూ ఒకే ఏడాదిలో, చిక్కడపల్లిలో ఒక పాత ఇంటి వరండాలో, సులోచన గారి పక్కన కూర్చున్నప్పుడు నాకు అంటుకున్నాయి.

అది తొంభైల నడిమి కాలం. మేము అశోక్ నగర్‌లో ఒక ఇంటి వెనక వాటాలో కిరాయికి ఉండేవాళ్ళం. నాన్నది తెనాలి, ఉద్యోగం బషీర్‌బాగ్‌లో. నేను నారాయణగూడలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ నుంచి చిక్కడపల్లి సందుల మీదుగా ఇంటికి నడిచి వచ్చేదాన్ని. ఆ నడకంటే నాకు ఇష్టంగా ఉండేది, దసరా సెలవుల ముందు దాకా. అప్పుడే బూడిదరంగు స్కూటరు ఒకటి నా వెనక రావడం మొదలైంది.

దాని మీద ఉన్నవాడికి పాతికేళ్ళుంటాయేమో. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. మొదట్లో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నా నడకకు సరిపోయేంత నెమ్మదిగా బండి నడుపుతూ వచ్చేవాడు. నేను ఆగితే ఆగేవాడు. కొన్నాళ్ళకు నా పేరు పెట్టి పిలిచాడు. పేరు ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. మరో రోజు పక్కకు వచ్చి, పాత పరిచయం ఉన్నవాడిలా అన్నాడు.

"మీ నాయన చీకటి పడ్డంక గద ఇంటికొస్తడు. అప్పటిదాంక మీ అమ్మ ఒక్కతే ఉంటది పాపం."

ఆ రాత్రి నుంచి నాకు అన్నం సయించడం మానేసింది. అమ్మ వాకిట్లో బియ్యం ఏరుతూ కూర్చుంటే లోపలికి రమ్మని తలుపు గడియ పెట్టేదాన్ని. ఎందుకే ఉక్కపోతలో అని అమ్మ విసుక్కునేది. చెప్పలేకపోయేదాన్ని. మా పెద్దమ్మ కూతురి వెంట ఎవడో పడుతున్నాడని తెలిసిన వారంలోనే దాని చదువు మాన్పించారు. తప్పు ఎవరిదని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. నాకు వాడంటే ఎంత భయమో, ఇంట్లో తెలిస్తే నా చదువు ఏమవుతుందోనని అంత భయం.

ఒక సాయంత్రం సందులో జనం లేరు. స్కూటరు నన్ను దాటి ముందుకు వెళ్ళి, అడ్డంగా ఆగింది. వాడు స్టాండు వేస్తున్న చప్పుడు విన్నాను. పక్కన ఒక ఇనుప గేటు తెరిచి ఉంది. ఎవరి ఇల్లో చూడకుండా లోపలికి వెళ్ళిపోయాను.

వరండాలో యాభై దాటిన ఒకావిడ పీట వేసుకుని కూర్చుంది. నేత చీర, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, చుట్టూ బోర్లించిన చిన్న చిన్న కుండీలు. నా మొహం చూసింది. తర్వాత గేటు అవతలికి చూసింది. వీధి చివరిదాకా వినపడేలా గొంతు పెంచి అంది:

"ఏందే, గింత ఆలస్యమా? పొద్దటి సంది నీకోసమే చూస్తున్న. చెప్పులిడిచి ఇటు రా, గీ కుండీ పట్టుకో."

నేను వెళ్ళి కుండీ పట్టుకున్నాను. అందులోని మట్టిగడ్డ నా ఒళ్ళోకి జారింది. ఆవిడ నా మణికట్టు మీద చెయ్యి వేసి, ఈసారి నాకు మాత్రమే వినపడేలా, "వెనక్కి చూడకు. ఆడ్నే నిలబడ్డడు. పోయినంక జెప్త," అంది. స్కూటరు వెళ్ళేదాకా మేమిద్దరం ఆ మట్టిగడ్డ నుంచి వేళ్ళను విడదీస్తూ కూర్చున్నాం. సులోచన గారిని నేను కలుసుకున్నది అలాగ.

ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చాలా ఏళ్ళు పనిచేసి, ముందుగానే ఉద్యోగం మానేసింది. పెళ్ళి చేసుకోలేదు. ఇల్లు తండ్రి నాటిది. ఎప్పుడో బెంగుళూరులో పూల ప్రదర్శనకు వెళ్ళి ఒక హవర్తియా మొక్క కొనుక్కొచ్చిందట. వరండా బల్ల మీద ఉన్నవన్నీ దాని సంతానమే. బొటనవేలంత మందమైన ఆకులు, వాటి మీద తెల్లటి చారలు. వీధిలో వాళ్ళు వాటిని కలబంద పిల్లలు అనేవాళ్ళు. ఆవిడకు కోపం వచ్చేది.

తర్వాత రోజూ కాలేజీ నుంచి వస్తూ ఆ గేటులోకి తిరిగేదాన్ని. ఆవిడ నాకు పని చూపించేది. కుండీ నుంచి తీసిన మొక్కకు పాత మట్టి దులపాలి. గట్టిగా, తెల్లగా ఉన్న వేరు మంచిది. వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా జావలా అయ్యేది కుళ్ళినది. దాన్ని కూరగాయల కత్తితో కోసెయ్యాలి. తల్లి చుట్టూ వచ్చిన పిలకల్లో సొంత వేళ్ళున్న వాటినే విడదియ్యాలి. నాకు తొందర. కోసిన వెంటనే నాటి నీళ్ళు పోద్దామనేదాన్ని.

"ఆగు. కోసిన కాడ తడి ఆరాలె. పచ్చి గాయం మీద నీళ్ళు పోస్తే నాలుగు పొద్దులకే మురిగిపోతది."

"ఎన్నాళ్ళు ఆరాలి ఆంటీ?"

"అది ఆరిందాంక."

అలా మొక్కల గురించే మాట్లాడేది. వాడి గురించి నేను చెప్పేదాకా అడగలేదు. ఒకరోజు ఇసుక జల్లిస్తూ నా అంతట నేనే మొత్తం చెప్పేశాను. ఆవిడ జల్లెడ కింద పెట్టింది. ఎక్స్‌ఛేంజిలో చేరిన కొత్తలో ఒక మనిషి రోజూ ఫోను చేసి, ఆవిడ ఆ పూట కట్టుకున్న చీర రంగు చెప్పేవాడట. ఏడాది పాటు.

"ఎవరికన్న చెప్తే నౌకరి పోతదని ఊకున్న. ఏడాదంత పరేషాన్. వాడు ఎవడో నాకు ఇంతదాంక తెల్వనే తెల్వదు. ఇప్పటికి ఫోను మోగితే గుండె జల్లుమంటది. జర మీ ఇంట్ల చెప్పు బిడ్డా."

"చెబితే కాలేజీ మాన్పిస్తారు ఆంటీ. దండం పెడతాను, మీరు చెప్పకండి."

ఆవిడ చెప్పలేదు. కాని ఆ రోజు నుంచి నేను వచ్చే వేళకు గేటు బయటే నిలబడేది.

రెండో శనివారం మాకు ప్రత్యేక తరగతులు పెట్టారు. మధ్యాహ్నం నేను వరండాలో కూర్చుని పిలకలు విడదీస్తున్నాను. గేటు కిర్రుమంది. తలెత్తితే వాడు లోపల ఉన్నాడు. సులోచన గారు పీట మీద నుంచి లేచింది. వేళ్ళు కోసే కత్తి ఆవిడ చేతిలోనే ఉంది.

"ఏం గావాలె?"

"మీతోని కాదు. ఆమెతోని మాట్లాడాలె."

"ఇల్లు నాది. నాతోని మాట్లాడు."

"ఇది మా ఇద్దరి సంగతి. మీరు నడుమ రాకుండ్రి."

ఆవిడ నా వైపు తిరిగింది. "బిడ్డా, ఇతను నీకు తెలుసా?"

తల అడ్డంగా ఊపాను.

"తెల్వదంటున్నది. విన్నవు గద. పో ఇంగ."

వాడు నవ్వాడు. ఆ నవ్వు చాలా మామూలుగా ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. బల్లను కాలితో ఒక్క తన్ను తన్నాడు. కుండీలన్నీ మెట్ల మీద పడి పగిలాయి. తర్వాత నా వైపు చూసి, "ఎన్ని దినాలు ఈడ కూసుంటవ్? ఎప్పుడో అప్పుడు బయటికొస్తవ్ గద," అన్నాడు. నింపాదిగా వెళ్ళిపోయాడు.

సులోచన గారు మెట్టు మీద కూలబడింది. కత్తి కింద పెట్టాలని చూస్తోంది, వేళ్ళు విడివడటం లేదు. నేనే ఒక్కొక్క వేలు తెరిచి తీశాను.

"ఆంటీ, మీకూ భయం వేసిందా?"

"వెయ్యదా మరి? నా కాళ్ళు చూడు, ఎట్ల ఆడుతున్నయో."

అంతవరకూ పెద్దవాళ్ళకు భయం వెయ్యదనీ, అందుకే వాళ్ళు ఎదురు నిలబడగలరనీ అనుకునేదాన్ని. ఆవిడ కాళ్ళు నిజంగానే చీర కుచ్చిళ్ళ కింద ఆడుతున్నాయి. కాసేపటికి లేచి, "ఎండల పడ్డయి, మాడిపోతయ్. నీడలకు తీద్దాం పట్టు," అంది. తెగిన ఆకులన్నీ ఏరి చేటలో పెట్టాం. చేతులు కడుక్కుని ఆవిడ చెప్పులు వేసుకుంది.

"నడువు, మీ ఇంటికి. నేనొస్త. కని చెప్పుడు మాత్రం నువ్వే చెప్పాలె."

చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్‌కు ఎంత దూరం? ఆ రోజు అది తరగలేదు. స్కూటరు చప్పుడు ఒకసారి వెనక, ఒకసారి పక్క సందులో వినిపించింది. నిజంగా వాడిదో, నా చెవుల్లోదో తెలియదు. నా చేతిలో ఆవిడ చెయ్యి చల్లగా, తడిగా ఉంది.

సెలవు కాబట్టి నాన్న ఇంట్లోనే ఉన్నారు. చెప్పాను. మధ్యలో ఏడ్చాను, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. అమ్మ గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నారు నాన్న.

"కాలేజీ మాన్పిస్తారని."

"మాన్పించక ఏం చెయ్యమంటావ్? రేపు నీకేమైనా అయితే? వద్దు. ఇంట్లోనే చదువుకుని పరీక్షలు రాద్దువుగాని."

సులోచన గారు అప్పటిదాకా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "సార్, మీకు భయమైతున్నది. నాక్కూడ అయితున్నది. పిల్లకు మనకన్న ఎక్కువ అయితున్నది. కని తప్పు చేసినోడు రోడ్డు మీద తిరుగుతుంటె పిల్ల ఇంట్ల కూసుంటదా?"

"తేలిగ్గా అంటారు మీరు. మీకు పిల్లలున్నారా?"

ఆ మాట అనగానే నాన్న మొహం చిన్నబోయింది. సులోచన గారు మాత్రం గొంతు మార్చలేదు.

"లేరు. అందుకే నాకు తీరికున్నది. పొద్దుగాల మీరు కాలేజికి తోలుండ్రి. సాయంత్రం నేను తోలుకొస్త."

నాన్న లేచి కుర్చీ ఆవిడ వైపు జరిపారు. తర్వాత అమ్మతో, "ఆవిడకు కాఫీ ఇవ్వు," అన్నారు.

మర్నాడు నాన్న, సులోచన గారు, నేను పోలీసు స్టేషనుకు వెళ్ళాం. అక్కడ మళ్ళీ చెప్పాలి. నేను తడబడిన చోటల్లా ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. బండి నంబరు నేను ఒక్కనాడూ చూడలేదు. భయంతో తల వంచుకునే నడిచాను కదా. ఆవిడ మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్పింది. జీవితమంతా నంబర్లు విన్న మనిషి. వాడిని పిలిపించారు. కవాడిగూడలో ఉంటాడట, మంచి కుటుంబమట, చదువుకున్నవాడట. ఇంకెప్పుడూ కనపడనని రాయించుకుని పంపించేశారు.

పంపించేశారని విన్న నాటి నుంచి నా భయం రెట్టింపయింది. పొద్దున నాన్న ఆఫీసుకు చుట్టు తిరిగి వెళ్తూ నన్ను కాలేజీ గేటు దాకా దింపేవారు. సాయంత్రం సులోచన గారు గేటు దగ్గర గొడుగుతో నిలబడేది. ఎండా వానా లేని రోజుల్లో కూడా ఆ గొడుగు ఉండేది. ఒకసారి నారాయణగూడ చౌరస్తాలో వాడు కనిపించాడు. బండి మీద కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు. నేను పరుగెత్తబోయాను. ఆవిడ నా జడ పట్టుకున్నంత పని చేసింది.

"ఉరకకు. నా మోకాళ్ళు నొస్తయి, నీ ఎంబడి నేనురకలేను. నడువు."

నడిచాం. వాడి ముందు నుంచే నడిచాం. బండి స్టార్టయిన చప్పుడుకు నేను ఆవిడ కొంగు పట్టుకున్నాను. అది రెండో వైపు వెళ్ళిపోయింది. వాడిని చూడటం అదే ఆఖరు. కాని అదే ఆఖరని ఆ రోజు నాకెవరూ చెప్పలేదు. పరీక్షలు రాసేదాకా, ఫలితాలు వచ్చేదాకా, డిగ్రీలో చేరాక కూడా ఏ బండి నెమ్మదించినా నా ఊపిరి ఆగేది.

చేటలో ఏరిన ఆకులను ఆరబెట్టి ఇసుక మీద పరిచాం. సగానికి పైగా కుళ్ళిపోయాయి. మొదలు చెక్కుతో సహా ఊడిన ఆకులు మాత్రం మిగిలాయి. చలికాలం పోతుండగా వాటి అడుగున దారాల్లాంటి వేళ్ళు, పక్కన గోరంత పిల్లలు వచ్చాయి. ఆవిడ వాటిని లాగి చూడనిచ్చేది కాదు. "అది దాని పని చేస్కుంటది, నువ్వు చదువుకో పో," అనేది.

నేను ఉద్యోగంలో చేరిన ఏడాది ఆ ఇల్లు అపార్టుమెంటుకు ఇచ్చేసి సులోచన గారు కరీంనగర్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయింది. సామాను సర్దడానికి వెళ్ళినప్పుడు ఎన్నాళ్ళుగానో లోపల ఉన్నది అడిగాను.

"ఆంటీ, ఆ రోజు వాడు మీ మీదికి వచ్చి ఉంటే ఏం చేసేవారు?"

ఆవిడ కుండీకి చుడుతున్న గుడ్డ కింద పెట్టింది.

"ఏమో బిడ్డా. నాకు తెల్వదు. ఇప్పటికి యాదికొస్తే చెమట పడ్తది."

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ నన్ను ధైర్యవంతురాలిని చేసిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నాకు భయం పోలేదు. ఆవిడకూ పోలేదు. భయమేస్తోందని ఒక మనిషితో పైకి అనవచ్చని మాత్రం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. అలా అన్న తర్వాత కూడా భయం ఉంటుంది. ఉన్నా మర్నాడు పొద్దున జడ వేసుకుని, చెప్పులు తొడుక్కుని బయలుదేరవచ్చు. పోయినేడు నన్ను ఆపరేషనుకు తీసుకెళ్తున్నప్పుడు మావారు "భయమేం లేదుగా?" అని అడిగారు. "చాలా ఉంది, చెయ్యి పట్టుకోండి," అన్నాను. ఆయన చెయ్యి కూడా చల్లగానే ఉంది.