అత్త పట్టుకున్న పురికొస

మా అత్త పోయింది. మా నాన్నకు అక్క, నాకు కెమెరా పట్టుకోవడం నేర్పిన మనిషి. పొద్దున్నే నెల్లిమర్ల నుంచి మావయ్య ఫోన్ చేసి "మీ అత్త ఎల్పోయిందే" అన్నాడు. వెంటనే, "దాని ఫొటో ఏదైనా ఉంటే అట్టుకురాయే. పెద్దకర్మకి ఎట్టడానికి ఇంట్లో ఒక్కటీ లేదు" అన్నాడు. అప్పుడు ముంచుకొచ్చింది నాకు ఏడుపు.

ముందుగదిలోనే స్టూడియో పెట్టి, జూట్ మిల్లు కార్మికుల ఇళ్లలో పెళ్లిళ్లన్నీ తీసింది ఆవిడే. తన పెళ్లి ఫొటో తుఫాను నీళ్లలో పోయింది. ఎవరైనా సెల్‌ఫోన్ ఎత్తితే కొంగు అడ్డం పెట్టుకునేది. ఆధార్ కార్డు మీదున్నది ఆవిడ మొహమంటే మేమెవరం ఒప్పుకోం.

నాకు కెమెరా కొనడానికి విజయనగరంలో పాత సామాన్ల కొట్టుకు తీసుకెళ్లింది. కొట్టతను తెగ పొగుడుతుంటే అత్త వినిపించుకోలేదు. కెమెరా వెనక తలుపు తెరిచి, దాన్ని గుమ్మం వైపు పట్టి, బటన్ నొక్కి వెలుతురు చూసింది. లెన్సులో బూజు దారాలు వెతికింది. షట్టర్‌ని నెమ్మదిగా కదిలే స్పీడులో పెట్టి చెవికి ఆనించుకుంది. "ఇది దగ్గుతాంది, వద్దు" అని ఒకదాన్ని పక్కన పెట్టేసింది. ఆవిడ మెచ్చినదానిలో వెలుతురు చూపించే ముల్లు పనిచేయడం లేదు. నేను నసిగాను. "ముల్లు పోతే ఏటే? ఎండ సూసుకోడానికి మనకి కళ్లు లేవేటి?" అంది.

ఎండ కాసిన ప్రతిరోజూ డాబా మీద వడియాల పక్కనే లెన్సులు ఆరబెట్టేది, బూజు పట్టకుండా. కాకి వస్తే వడియాల్ని వదిలేసి లెన్సుల దగ్గరకు పరుగెత్తేది. పిల్లలు కదిలి ఫొటో పాడైతే నేను విసుక్కునేదాన్ని. "కదల్నీవే. మనిషి కదా, కదుల్తాది" అనేది.

ఎండ చూసుకునే ఆ కళ్లకే నీటికాసులు వచ్చాయి. చూపు తగ్గుతూ తగ్గుతూ ఎదుటి మనిషి ఆవిడకు నీడగా మిగిలాడు. అయినా కెమెరా వదల్లేదు. మావయ్య మిల్లు నుంచి తెచ్చిన గోనె పురికొసను కెమెరాకు కట్టి, కొలిచి ముడులు వేయించుకుంది. ఏ ముడి దూరానికి మొహం మసక రాకుండా లెన్సు రింగు ఎంత తిప్పాలో వేలికి తగిలేలా ఆకురాయితో గాట్లు పెట్టించుకుంది. ఎదుటివాళ్లు ముడిని ముక్కుకు ఆనించుకుంటే, పురికొస బిగిసేదాకా వెనక్కి నడిచి నొక్కేది. నెల్లిమర్లలో ఆ పురికొస పట్టుకోని ఇల్లు లేదు.

పోయిన నెల వెళ్లినప్పుడు, సాయంత్రం వీధి అరుగు మీద అడిగాను: "అత్తా, ఒక్కటి తీసుకోనీవే." ఎందుకో ఆ రోజు కొంగు అడ్డం పెట్టుకోలేదు. "పురికొసతోనే తియ్యి మరి" అంది. నేను దాన్ని నా కెమెరాకు మార్చి కట్టాను. ముడిని ముక్కుకు ఆనించుకుని, పెళ్లికూతురిలా బిగుసుకుని కూచుంది. వెలుతురు చాలక లెన్సు పూర్తిగా తెరిచాను; అలా తెరిస్తే కొలిచిన దూరానికి కాస్త ముందుకొచ్చినా మసకే. ముడి చూసి రింగు తిప్పాను. కెమెరాలోంచి చూస్తే ఆ చిక్కిపోయిన మొహం నా కన్నీళ్లలో అలుక్కుపోయింది. చేతిలోని పురికొసనే నమ్ముకున్నాను.

"ఒసే, ఉన్నావేటే?" అంది.

"ఉన్నానత్తా" అంటూ నొక్కాను.

ఫోన్ వచ్చిన రోజే రీలు బయటికి తీసి విశాఖలో కడగడానికిచ్చాను. ప్రింటు చేతికొచ్చింది. మొహం మసక. ఉన్న ఒక్క ఫొటో కూడా పాడుచేశాననుకున్నాను. అత్తను ఇంకోసారి పోగొట్టుకున్నట్టయింది.

మావయ్యకు ఇవ్వడానికి చెయ్యి రాలేదు. ఆయనే లాక్కుని, కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశాడు. "నువ్వెక్కడున్నావో అని ఎతుకుతాందే" అన్నాడు. "ఇదే ఎడదాం."

పెద్దకర్మ నాడు దండ వేసింది దానికే. ముడి పట్టుకున్న చెయ్యి ఉన్నచోటే ఉంది. పురికొస పోగుపోగూ, వేలిగోరు మీద పసుపు మరకా స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆ చేతిని దాటి, నా గొంతు వినిపించిన వైపుకు, అత్త మొహం వంగి వస్తోంది.