మాట్లాడొద్దన్న కుర్చీ

కాశిబుగ్గ నేతగాడు సాంబమూర్తికి మగ్గం ఆగినా నోరు ఆగదు. మాట్లాడుతుంటే చేతులు మగ్గంలో దారం మోసే నాడె విసిరినట్టు అటూ ఇటూ ఎగురుతాయి. అలాంటి మనిషిని, 1978లో నేతగాళ్ల సంఘం సభ నడపడానికి అందులోని రెండు వర్గాలూ ఏకగ్రీవంగా ఎన్నుకున్నాయి. అసెంబ్లీలో కొత్త స్పీకర్‌కు చేసినట్టే ఇరుపక్షాల పెద్దలు చెరో చెయ్యి పట్టుకుని ఆయన్ను కుర్చీ దాకా నడిపించారు. ఆయన మురిసిపోతూ గొంతు సవరించుకోగానే ఆ పెద్దల్లో ఒకడైన మొగిలయ్య పకపకా నవ్వాడు.

“స్పీకరైనోడు చర్చల మాట్లాడొద్దు సాంబన్నా! ఓట్లు సమానమైతెనే నీ ఓటు.”

మగ్గాలకు నూలు కండెలు చుట్టే ఆడవాళ్లకు సభ్యత్వం ఇవ్వాలా వద్దా అన్నది ఆనాటి చర్చ. అందరూ అరుస్తుంటే సాంబమూర్తి పెదవులు బిగించి, చేతులు తొడల కింద పెట్టుకుని, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. తీరా చేతులెత్తితే రెండు వైపులా సరిసమానం! గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్లంతా ఆయన వైపే చూశారు. వాళ్లలో ఆయన భార్య భాగ్యమ్మ కూడా ఉంది.

సాంబమూర్తి ఎగిరి కుర్చీ మీద నిలబడ్డాడు.

“ఇయ్యాలె!”

ఆడవాళ్ల కేకలకు పైన రేకులు అదిరాయి. భాగ్యమ్మ నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“అయిపోయింది, ఇగ దిగన్నా,” అన్నాడు మొగిలయ్య.

“జర ఆగుండ్రి! ఇంకోదానికి ఓట్లు పెట్టుండ్రి, మల్ల సమానమైతయేమో!” అంటూ సాంబమూర్తి కుర్చీ మీదే చేతులు ఊపాడు.