తడిసిన పదిహేడో గూడు

ఫిలడెల్ఫియాలోని ఆ పరిశోధనశాలలో బెర్నడెట్ వోయ్‌చిక్ ఇరవై ఆరేళ్లుగా ఎలుకలకు మేత వేస్తోంది, గూళ్లు శుభ్రం చేస్తోంది, నీళ్ల సీసాలు మారుస్తోంది. ఆ ఎలుకల పుణ్యమా అని ఎందరో ప్రొఫెసర్లయ్యారు. ఏ పరిశోధన పత్రంలోనూ ఆమె పేరు రాలేదు. ఎలుకల పేర్లూ రాలేదు కాబట్టి ఆమె పెద్దగా పట్టించుకోలేదు.

ఇప్పటి దొరగారు డాక్టర్ హోలిస్ ప్రూయిట్. వయసు ముప్ఫై ఆరు, ధీమా మాత్రం మూడు తరాలకు సరిపడా. రక్తంలోని రక్షణ కణాలను బయటికి తీసి, తర్ఫీదిచ్చి, మళ్లీ ఎక్కించడం ఆయన దృష్టిలో పాత చింతకాయ పచ్చడి. కంటికి కనిపించని కొవ్వు బుడగల్లో పాఠం పెట్టి సూదితో ఎక్కిస్తే, కణాలు ఒంట్లోనే చదువుకుని క్యాన్సర్‌ని వేటాడతాయట. బడికెళ్లే పిల్లలకే చదువు అబ్బడం లేదని బెర్నడెట్ నవ్వుకుంది. తీరా మందు పడ్డ ఎలుకలు కోలుకుంటుంటే నవ్వు ఆగిపోయింది. రక్త క్యాన్సర్‌తో పోయిన తమ్ముడు గుర్తొచ్చాడు.

జనవరిలో ఒక శుక్రవారం, పదిహేడో గూట్లో మందు పడ్డ నాలుగు ఎలుకలు వణుకుతున్నాయనిపించి, నిబంధన పక్కనపెట్టి రెండు గుప్పెళ్ల చెక్కపొట్టు ఎక్కువ వేసింది. ఆ పొట్టు నీళ్ల సీసా మూతికి తగిలి నీళ్లన్నీ పీల్చేసింది. తెల్లారేసరికి నాలుగూ తడిసి, చలికి చచ్చిపోయాయి. కొత్తవాళ్లయితే చిట్టాలో రాసేవారు. పింఛనుకి ఎనిమిది నెలల దూరంలో ఉన్న బెర్నడెట్ మాత్రం వాటిని పొడి పొట్టు మీద పడుకోబెట్టి నోరు మూసుకుంది.

సోమవారానికల్లా ప్రూయిట్ తన మందు విషమని తేల్చేశాడు. అదెలా చంపిందో చూపిస్తూ పన్నెండు బొమ్మలు కూడా గీశాడు. ఒక్క బొమ్మలోనూ తడి లేదు. మధ్యాహ్నానికి ఆ పని మొత్తం ఆపేద్దామన్నాడు.

బెర్నడెట్ చేతితొడుగులు తీసి ఆయన గదిలోకి వెళ్లింది.

"మీ మందు చంపలేదు డాక్టరు బాబూ. నా జాలి చంపింది," అని జరిగినదంతా చెప్పింది.

"శనివారమే చెప్పొచ్చుగా?"

"చెబితే నా ఉద్యోగం పోద్ది. చెప్పకపోతే మీ మందు పోద్ది. రెండ్రోజులు ఉద్యోగం వైపే ఉన్నానండి."

ఉద్యోగం పోలేదు. పింఛను దాకా నేలమాళిగలో గూళ్లు కడుక్కోమన్నారు. మళ్లీ చేసిన ప్రయోగంలో ఎలుకలు బతికాయి. పరిశోధన పత్రం పంతొమ్మిది పేర్లతో వెలువడింది. ఆమె పేరు లేదు. అడుగున చిన్న అక్షరాల్లో మాత్రం, గూడు తడవడం వల్ల నాలుగు ఎలుకలను లెక్కలోంచి తీసేశామని ఒక వాక్యం ఉంది.

ఆ వాక్యాన్ని కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది. ఇంటికెవరొచ్చినా వేలు పెట్టి చూపిస్తుంది.

"ఇదుగో, ఇది నేనే."